గృహస్థ యోగి శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వాములవారు

మహాసభ కూడిన యీ శుభసమయమున మన కులమునందు జన్మించిన మహనీయులను స్మరించుట మనకు విధి. ఈ సంచికయందు మేము శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వాములవారి జీవితమును సంగ్రహముగా వ్రాయ దలచితిమి. కాలజ్ఞాన కర్తగా వారి నెఱుగని తెలుగువాడు లేడు. లోకమున నేదేని వింత జరిగినయెడల, బ్రహ్మముగారు ఆనాడే చెప్పిరని జనులు నేటికిని అనుకొనుచునే యున్నారు. కాని పల్లెయందు కాపురముండి, ఉలియు బాడిసయు చేతబట్టి, ఆలుబిడ్డలను పోషించిన గృహస్థుగా వారిని తలచుకొనువారు తక్కువ. మేము ముఖ్యముగా ఆ భాగమునే చెప్పబూనితిమి.

స్వాములవారు క్రీ.శ. 17వ శతాబ్దమువారు. మఠ సంప్రదాయము ననుసరించి వారిని కన్నవారు పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ. పెంచినవారు పాపఘ్ని మఠాధిపతులగు వీరభోజయాచార్యులు, వారి ధర్మపత్ని వీరపాపాంబ. పెంపుడు తండ్రి గతించిన పిమ్మట మఠాధిపత్యము తమకు సిద్ధముగా నున్నను, బాలుడగు వీరబ్రహ్మము దానిని కోరక, తల్లికి తత్త్వబోధ చేసి, ఆమె యనుమతి గైకొని దేశాటనమునకు వెడలెను. కూర్చుండి భుజింపగల పీఠమును విడిచి, కష్టపడి బ్రదుకవలసిన బాటను పట్టుట గమనింపదగినది.

అటుపిమ్మట వారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట గోవులను కాచిరి. పసులను మేతకు విడిచి, సమీపముననున్న రవ్వలకొండ గుహయందు తాళపత్రములపై కాలజ్ఞానము వ్రాసిరనియు, ఆ సంగతి నెఱిగిన యజమానురాలే వారికి శిష్యురాలయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఆ పత్రములను పాతిపెట్టిరని చెప్పు చోటును బనగానపల్లెలో నేటికిని భక్తులు దర్శించుచున్నారు.

తరువాత వారు కడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి, కులవృత్తియగు వడ్రంగముచే జీవించిరి. ఆ కాలమున పల్లెలోని వడ్రంగి లేనిదే సేద్యము లేదు. నాగలి, కాడి, మేడి, గొఱ్ఱు, బండి చక్రము, ఇంటి ద్వారబంధము, బిడ్డ యుయ్యెల, తుదకు పాడె కట్టెలును అతని చేతిమీదుగా పోవలసినవే. రైతు కళ్లమునందు కొలిచి యిచ్చు మేర గింజలే అతని కూలి. పంట పండినయేడు అతడును తినును; ఎండినయేడు అతడును పస్తుండును. ఊరి కష్టసుఖములతో నింతగా ముడివడిన జీవనమునందుండియే స్వాములవారు తత్త్వమును బోధించిరి.

ఊరివారు పోలేరమ్మ కొలువునకు చందా యడుగ వచ్చినప్పుడు, స్వాములవారు ఆ తల్లిని పిలిచి చుట్టకు నిప్పు తెమ్మనిరనియు, ఆమె తెచ్చెననియు ఒక కథ కలదు. వారు ఒక్క రాత్రిలో త్రవ్విరని చెప్పు బావియు ఆ యూర కలదు. మహిమలను నమ్ముట నమ్మకుండుట చదువరుల యిష్టము. మాకు తోచిన దేమన, నీటికి కటకటలాడు సీమలో గురువు చేసిన మేలును జనులు మొదట బావి రూపమున జ్ఞాపకముంచుకొనిరి. ఆ ప్రాంతముననే తెలుగుగంగ పథకమున నిర్మించిన జలాశయమునకు బ్రహ్మంసాగరమని వారి పేరే పెట్టుట సముచితము.

పెదకొమెర్ల గ్రామవాసియగు శివకోటయాచార్యుల పుత్రిక గోవిందమ్మగారిని వారు వివాహమాడిరి. వారికి కుమారులును, వీరనారాయణమ్మ యను కుమార్తెయు కలిగిరి. గోవిందమ్మగారు మగని తపస్సునకు అడ్డుగాక, వచ్చిన శిష్యకోటికి వండి వడ్డించిన సాధ్వి. ఆ శిష్యులెవరు? దూదేకుల యింట పుట్టిన సిద్దయ్య యొకడు. మాదిగ కులమున జన్మించిన కక్కయ్య యొకడు. సిద్దయ్య తల్లిదండ్రులు నవాబుతో మొఱపెట్టుకొనినను, పరీక్షలు పెట్టినను, అతడు గురువును విడువలేదు. కాళికాంబా సప్తశతి పద్యములందును స్వాములవారు కుల గర్వమును, డాంబిక భక్తిని నిష్ఠురముగా ఖండించిరి.

1693వ సంవత్సరము వైశాఖ శుద్ధ దశమినాడు వారు సజీవ సమాధి నిష్ఠులైరని సంప్రదాయము. తాము సమాధియందు సజీవులై యుందుము గావున, మాంగల్యమును గాజులను తీయవలదని గోవిందమ్మగారిని ఆదేశించిరట. విధవల నవమానించుటయే యాచారమైన కాలమున ఒక గృహస్థు తన యిల్లాలికి జరిపించిన మర్యాద యిది. పూలకై బనగానపల్లెకు పంపబడి, తిరిగి వచ్చునప్పటికి గురువు లేకుండుట జూచి విలపించిన సిద్దయ్యకు స్వాములవారు మరల దర్శనమిచ్చి, తమ దండమును పాదుకలను అనుగ్రహించిరని చెప్పుదురు. వారి పౌత్రి యీశ్వరమ్మగారు యోగినియై తాతగారి బోధను నిలిపెను. ఆ తిథినాడే బ్రహ్మంగారి మఠమున ఏటేట ఆరాధనోత్సవములు జరుగుచున్నవి.

సోదరులారా! ఇపుడు మనల విచారించుకొందము. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలబడినవి. యంత్రములు చేసిన తలుపులును నగలును అంగళ్లను నింపినవి. మేర గింజల మాట మఱుగునబడినది. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, స్వర్ణకారుడు అను అయిదు వృత్తులవారిలో అనేకులు పొట్టకై పట్టణముల పాలైరి. పిల్లలు వేఱు చదువులు చదువుట తప్పుకాదు, అవశ్యము చదువవలసినదే. కాని తండ్రి చేతి బాడిసను జూచి సిగ్గుపడుట తప్పు. జగద్గురువని మనము మ్రొక్కువాడు దానితోనే బ్రదికెను.

మఱియొక మాట. స్వాములవారు మనవారని సభలయందు గొప్పగా చెప్పుకొనుచున్నాము. వారు మాత్రము తమ దండపాదుకలను కన్నకొడుకులకుగాక సిద్దయ్యకిచ్చిరి. కావున వారి పేర మనము నెలకొల్పు విద్యార్థి వసతిగృహముల యందును, అన్నసత్రముల యందును పరుల బిడ్డకు చోటులేదన్నచో, ఆ పేరు పెట్టుకొను నర్హత మనకుండదు. దాతలగు పోషకులు ఈ విషయమును దయతో ఆలోచింతురు గాక. శ్రమను గౌరవించుచు, ఇల్లాలిని ఆదరించుచు, వచ్చినవానికి పీటవేయుచు బ్రదుకుటయే వారికి మనము చేయదగిన ఆరాధన యని విన్నవించి విరమించుచున్నాము.