చార్లెస్ బాబేజి (1791–1871)

కంప్యూటరు నెరుగని విద్యార్థి నేడు లేడు. ఆ యంత్రమున ముఖ్యముగా నాలుగు భాగములు గలవు. లెక్క జేయు భాగమొకటి, సంఖ్యలను నిలువయుంచు భాగమొకటి, సమాచారమును లోనికి గొనునది యొకటి, ఫలితమును వెలికిచ్చునది యొకటి. విద్యుద్దీపము ఇండ్లలోనికి రాకపూర్వమే ఈ నాలుగు భాగములను ఇత్తడి చక్రములతో నూహించి, చిత్రములు గీచి, తన యాయుష్యమునంతను వానికై ధారవోసిన మేధావి చార్లెస్ బాబేజి.

బాబేజి 1791 వ సంవత్సరము డిసెంబరు 26 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బెంజమిన్ బాబేజి బ్యాంకు వ్యాపారమున ధనము గడించినవాడు. బాలుడు దేహదార్ఢ్యము లేనివాడైనను బీజగణితమునందు మిక్కిలి మక్కువ గలవాడు. 1810 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జేరెను. అచటి గణితబోధన ఫ్రాన్సు మొదలగు దేశముల బోధనకు వెనుకబడి యుండుట గాంచి, 1812 లో జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ అను మిత్రులతో గూడి యొక సంఘము స్థాపించి, నూతన పద్ధతుల వ్యాప్తికి బాటుపడెను. 1814 లో పట్టము నొంది, ఆ యేడే జార్జియానా అను యువతిని వివాహమాడెను. 1816 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ఆ కాలమున కంప్యూటరు అనగా యంత్రము కాదు. కూలికి లెక్కలు గట్టు మనుష్యుడు. నావికులు సముద్రముపై దారి కనుగొనుటకును, జ్యోతిశ్శాస్త్రజ్ఞులు గ్రహగతులు నిర్ణయించుటకును అచ్చుపట్టికలే యాధారము. ఆ పట్టికలను మనుష్యులు గుణించి, మనుష్యులు నకలు వ్రాసి, మనుష్యులే అచ్చు గూర్చుచుండిరి. మూడు చోట్లను తప్పులు దొరలుచుండెను. ఒక్క యంకె తారుమారైన ఓడ దారితప్పి రాళ్లపాలు గావచ్చును. 1821 లో బాబేజియు హెర్షెలును ఇట్టి పట్టికలను సరిచూచుచు తప్పులపై తప్పులు కనుగొనిరి. ఈ లెక్కలను ఆవిరిశక్తిచే నడుచు యంత్రమే యేల చేయరాదను తలంపు అప్పుడు బాబేజికి గలిగెను.

దీనికి అతడు గైకొన్న యుపాయము సులభమైనది. పలకమీద వర్గసంఖ్యలు వ్రాసి చూడుడు: 1, 4, 9, 16, 25. వాని నడిమి భేదములు 3, 5, 7, 9. ఆ భేదముల నడిమి భేదము ఎల్లప్పుడును 2. కావున 9 కి 2 కూడిన 11. 25 కి 11 కూడిన 36. గుణకారమక్కరలేకయే తరువాతి వర్గము లభించినది. కూడిక మాత్రము చేయగల పండ్లచక్రములచే పెద్ద పట్టికలను నిర్మింపవచ్చునని యిందుచే దేలినది. 1822 లో బాబేజి చిన్న నమూనా చేసి చూపెను. దానికి డిఫరెన్సు యంత్రమని పేరు. 1823 లో ప్రభుత్వము 1,500 పౌనులు మంజూరు చేసెను. జోసెఫ్ క్లెమెంటు అను నేర్పరియైన పనివాడు నిర్మాణమునకు బూనుకొనెను.

కాని యంత్రమునకు 25,000 భాగములు గావలెను. ఒక్కొక్క భాగమును చేయుటకు ముందు దానికి దగిన పనిముట్లనే క్రొత్తగా జేసికొనవలసి వచ్చెను. ఇంతలో 1827 లో బాబేజికి దుఃఖములు వెల్లువవలె వచ్చినవి. ఆ యొక్క యేడే తండ్రియు, భార్యయు, ఇద్దరు కుమారులును మృతినొందిరి. అతడు కొంతకాలము ఐరోపాఖండమున సంచరించి, తిరిగివచ్చి, మరల పనిలో దిగెను. 1832 నాటికి యంత్రములో ఏడవవంతు మాత్రము సిద్ధమై చక్కగా బనిచేసెను. కాని మరుసటి యేడే క్లెమెంటునకును బాబేజికిని సొమ్ము విషయమై వివాదము ముదిరి పని నిలిచెను. పనిముట్లు పనివానికే చెందుట ఆనాటి న్యాయము గనుక క్లెమెంటు వానిని విడువలేదు.

1834 లో బాబేజికి అంతకంటె గొప్ప యూహ తోచెను. డిఫరెన్సు యంత్రము ఒక్క విధమైన లెక్కనే చేయును. ఏ లెక్కయైనను చేయగల యంత్రము గావలెను. అదియే ఎనలిటికల్ యంత్రము. ఇందులో సంఖ్యలను దాచు కొట్టు వేరు, లెక్క జేయు మర వేరు. నూలు కొట్టునుండి మగ్గమునకు వచ్చి వస్త్రమై మరల కొట్టు చేరునట్లు, సంఖ్యలు కొట్టునుండి మరకు వచ్చి ఫలితములై కొట్టునకు బోవును. 50 అంకెల సంఖ్యలు వేయి దాచుటకు ఏర్పాటు తలపెట్టెను. ఫ్రాన్సులో జాకార్డు అను నాతడు పట్టుబట్టలపై పువ్వులు నేయుటకు రంధ్రముల అట్టలు వాడెను. అట్టి అట్టలే ఈ యంత్రమునకు ఆజ్ఞలు. వచ్చిన ఫలితమును బట్టి తరువాతి పని మార్చుకొను శక్తియు దానికి గలదు. ఫలితములను యంత్రమే అచ్చువేయును.

1840 లో బాబేజి ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమున దీనిని వివరించెను. లుయీజీ మెనాబ్రియా 1842 లో ఫ్రెంచి భాషలో వ్యాసము ప్రకటించెను. దానిని కవి బైరను కుమార్తెయగు అడా లవ్‌లేసు 1843 లో ఆంగ్లీకరించి, మూలమునకంటె పెద్దవైన వివరణములు చేర్చెను. బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రముచే గణించు క్రమము వానిలో గలదు.

1842 లోనే ప్రభుత్వము డిఫరెన్సు యంత్రమును విడిచిపెట్టెను. అప్పటికి 17,000 పౌనులకు పైగా వ్యయమయ్యెను. ఆస్థాన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జార్జి ఎయిరీ అది నిరుపయోగమని చెప్పియుండెను. తప్పు ప్రభుత్వముదే యనుట సరికాదు. బాబేజి ముక్కోపి. ఒకటి ముగియక మునుపే మేలైన మరియొకదాని వెంట బోవుట అతని స్వభావము. ప్రజల సొమ్ముతో బనిచేయువానికి ఓర్పును, ఒడంబడికయు గావలెను. అవి అతనికి కొరవడెను. అయినను 1847 మొదలు 1849 వరకు శ్రమించి రెండవ డిఫరెన్సు యంత్రమునకు సంపూర్ణ చిత్రములు గీచెను. దానిని కట్టించువారు లేకపోయిరి.

1871 వ సంవత్సరము అక్టోబరు 18 వ తేదీన బాబేజి లండనులో మరణించెను. భారతదేశమున సైన్యోద్యోగము చేసిన కుమారుడు హెన్రీ తండ్రి చిత్రములనుబట్టి మరలోని కొంతభాగము నిర్మించెను. 1945 లో జాన్ వాన్ న్యూమన్ వ్రాసిన నివేదికలో లెక్కచేయు భాగమును నిలువయుంచు భాగమును మరల వేరువేరుగనే కానవచ్చెను. అయితే బాబేజి ఆజ్ఞలను అట్టలపై వెలుపల నుంచగా, క్రొత్త యంత్రములు సంఖ్యలతోపాటు ఆజ్ఞలను గూడ లోపలనే దాచుకొనెను. నేటి కంప్యూటరుల తీరు ఇదియే.

బాబేజి జన్మించి రెండువందల యేండ్లైన 1991 లో లండను సైన్సు మ్యూజియమువారు రెండవ డిఫరెన్సు యంత్రమును అతని చిత్రముల ప్రకారము, అతని కాలమున సాధ్యమైన సూక్ష్మతతోనే నిర్మించిరి. అది లెక్కలు తప్పక చేసెను. 2002 లో అచ్చుభాగమును ముగిసెను. మొత్తము భాగములు 8,000, బరువు 5 టన్నులు.

బాలబాలికలారా! ఈతని జీవితమున రెండు పాఠములు గలవు. ఆరంభించిన పనిని ముగించువరకు ఇతరులతో గలసిమెలసి నడచుట యొకటి. పని ముగియకున్నను, చేసినంతవరకు తప్పులేకుండ చేసి యుంచినచో, అది యెన్నటికైనను ఒకరి చేతికి అందుననుట రెండవది. మొదటిది బాబేజి నేర్వలేదు. రెండవది అతడు మనకు నేర్పెను.