చార్లెస్ ఫ్లెచర్

చార్లెస్ మాంటేగ్ ఫ్లెచర్ (1911 - 1995) బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ శ్వాసకోశ వ్యాధుల వైద్యుడు. పెన్సిలిన్‌ను ఇంజెక్షను రూపంలో రోగికి తొలిసారిగా ఇచ్చిన వైద్యుడిగా, టెలివిజన్ ద్వారా వైద్యవిజ్ఞానాన్ని సామాన్యుల ఇళ్ళకు చేర్చిన వ్యక్తిగా పేరు పొందాడు. అయితే ఇతడి జీవితకృషిలో ప్రధానమైనది ధూమపాన నివారణ. పొగతాగేవారి చేత ఆ అలవాటు మాన్పించడం కూడా చికిత్సలో భాగమే అనే భావనకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ఇతడు ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఫ్లెచర్ 1911లో కేంబ్రిడ్జిలో జన్మించాడు. తండ్రి సర్ వాల్టర్ మోర్లే ఫ్లెచర్ శరీరధర్మ శాస్త్రవేత్త, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలికి తొలి కార్యదర్శి. ఈటన్ పాఠశాలలోను, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలోను చదివి, లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యవిద్య పూర్తిచేశాడు. 1933లో ఆక్స్‌ఫర్డుతో జరిగిన పడవ పందెంలో కేంబ్రిడ్జి జట్టు సభ్యుడు. యౌవనంలోనే మధుమేహం సోకడంతో అర్ధశతాబ్దానికి పైగా ఇన్సులిన్‌పై ఆధారపడి జీవించాడు. రోగి స్థానంలో ఉండడమంటే ఏమిటో ఇతడికి స్వానుభవమే.

పెన్సిలిన్ తొలి ప్రయోగం

1941లో ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, హోవర్డ్ ఫ్లోరీ బృందం తయారుచేసిన పెన్సిలిన్‌ను రోగులకు ఇచ్చే బాధ్యత ఫ్లెచర్‌కు లభించింది. ముందుగా ఒక క్యాన్సర్ రోగికి ఇచ్చి, మందు ప్రాణహాని కలిగించదని తెలుసుకున్నారు. ఫిబ్రవరి 12న ముఖమంతా చీముపట్టి మరణావస్థలో ఉన్న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు చికిత్స ఆరంభమైంది. రోగి త్వరగా కోలుకోసాగాడు. మందు చాలనందున అతని మూత్రాన్ని సైకిలుపై ప్రయోగశాలకు చేర్చి, అందులోని పెన్సిలిన్‌ను వేరుచేసి తిరిగి వాడారు. అయినా నిల్వ అయిపోయింది. వ్యాధి తిరగబెట్టి రోగి మార్చి 15న మరణించాడు.

గని కార్మికుల మధ్య

1945లో కార్డిఫ్ సమీపంలో నెలకొల్పిన న్యూమోకోనియోసిస్ పరిశోధనా విభాగానికి ఫ్లెచర్ తొలి సంచాలకుడయ్యాడు. బొగ్గు ధూళి వలన గని కార్మికుల ఊపిరితిత్తులకు కలిగే వ్యాధిని ఇక్కడ పరిశోధించారు. ఆయాసాన్ని కొలవడానికి ఇతడు రూపొందించిన ప్రశ్నలు చాలా సులభమైనవి. గట్టు ఎక్కేటప్పుడు మాత్రమే ఆయాసం వస్తుందా, చదును నేలపై తోటివారితో సమానంగా నడవగలడా వంటి ఈ ప్రశ్నలే వైద్య పరిశోధనా మండలి ఆయాస సూచికకు మూలం. దాని సవరించిన రూపం నేటికీ అనేక దేశాలలో వాడుకలో ఉంది. 1952లో ఫ్లెచర్ లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రికి మారాడు.

1962 నివేదిక

1948లో బ్రిటన్ పురుషులలో నూటికి 82 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. సిగరెట్లకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గల సంబంధాన్ని రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే వెల్లడించినా ప్రభుత్వంలో చలనం రాలేదు. ఫ్లెచర్, ప్రభుత్వ వైద్యాధికారి జార్జి గాడ్బర్ కలిసి రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్‌ను ముందుకు రమ్మని కోరారు. రాబర్ట్ ప్లాట్ అధ్యక్షుడయ్యాక 1959లో ఏర్పడిన సంఘానికి ఫ్లెచర్ కార్యదర్శిగా వ్యవహరించాడు. 1962 మార్చిలో వెలువడిన నివేదికలో అధికభాగం ఇతడు వ్రాసినదే. ప్రకటనలపై ఆంక్షలు, పన్నుల పెంపు, పిల్లలకు అమ్మకాల నియంత్రణలతో పాటు, మానలేక బాధపడేవారికి ప్రత్యేక చికిత్సాలయాల ఆవశ్యకతను కూడా అది ప్రస్తావించింది. టెలివిజన్‌లో సిగరెట్ ప్రకటనలు 1965లో నిలిచిపోయాయి. అయితే నివేదిక వెలువడగానే తగ్గిన సిగరెట్ అమ్మకాలు కొద్దికాలానికే మళ్ళీ పుంజుకున్నాయి. హాని ఎరిగినంత మాత్రాన అలవాటు వదలదని దీనివలన స్పష్టమైంది. 1971లో ఆష్ అనే పొగాకు వ్యతిరేక సంస్థ స్థాపనలోను ఫ్లెచర్ పాలుపంచుకున్నాడు.

ఊపిరితిత్తుల క్షీణతపై పరిశోధన

పశ్చిమ లండన్‌లో 792 మంది పురుష కార్మికులను 1961 నుండి ఎనిమిదేళ్ళు పరిశీలించి, గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో వెలువడే గాలిని పదేపదే కొలిచారు. ఈ ఫలితాలను ఫ్లెచర్, రిచర్డ్ పీటో 1977లో ప్రకటించారు. వయసుతో పాటు ఈ శక్తి అందరిలోనూ నెమ్మదిగా తగ్గుతుంది. పొగతాగేవారిలో కొందరికి అతివేగంగా క్షీణించి, వ్యాధి బయటపడేనాటికి చాలాభాగం నశించి ఉంటుంది. పొగ మానితే పోయిన శక్తి తిరిగి రాదు, కానీ ఆపై క్షీణత మామూలు వేగానికి వస్తుంది. కాబట్టి నడివయసు ఆరంభంలోనే పొగతాగేవారి ఊపిరితిత్తులను పరీక్షించి, శక్తి తగ్గినవారి చేత మాన్పిస్తే తీవ్రవ్యాధిని నివారించవచ్చని వారు సూచించారు. రోగి ఆయాసంతో మంచం పట్టకముందే వైద్యుడు కలుగజేసుకోవాలన్నది దీని సారాంశం.

అటువంటి సలహా నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మైకేల్ రస్సెల్ బృందం 1979లో సమాధానమిచ్చింది. లండన్‌లో 28 మంది కుటుంబ వైద్యుల వద్దకు ఇతర కారణాలతో వచ్చిన 2,138 మంది పొగతాగేవారిపై ఈ అధ్యయనం జరిగింది. వైద్యుడు ఒకటి రెండు నిమిషాలు సలహా చెప్పి, కరపత్రమిచ్చి, మళ్ళీ విచారిస్తానని చెప్పిన వర్గంలో 5.1 శాతం మంది పొగ మాని ఏడాది తరువాత కూడా ముట్టలేదు. ఏమీ చెప్పని వర్గంలో వీరు 0.3 శాతమే. శాతం చిన్నదైనా, ప్రతి వైద్యుడూ ఇలా చేస్తే మానేవారి సంఖ్య చాలా పెద్దదవుతుంది.

వైద్యుని మాట

1958లో బి.బి.సి. ప్రసారం చేసిన యువర్ లైఫ్ ఇన్ దెయిర్ హ్యాండ్స్ అనే ధారావాహికకు ఫ్లెచర్ వ్యాఖ్యాత. శస్త్రచికిత్సలను చూపితే రోగులు భయపడతారని వైద్యవర్గాలు విమర్శించినా ఇతడు వెనుదీయలేదు. రోగికి అర్థమయ్యేలా చెప్పడం వైద్యుని విధి అనే విషయంపై 1973లో కమ్యూనికేషన్ ఇన్ మెడిసిన్ అనే గ్రంథం వెలువరించాడు. 1976లో పదవీ విరమణ చేసి, 1995లో మరణించాడు.

ప్రభావం

వ్యాధి అందరిలో ఒకే మార్గంలో రాదని, కొందరిలో ఊపిరితిత్తులు యౌవనం నాటికే పూర్తిగా ఎదగకపోవడం కూడా కారణమని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అయినా పొగ మానితే క్షీణత మందగిస్తుందన్న ఫ్లెచర్ నిర్ణయం నిలిచింది. బ్రిటన్‌లో 1999 నుండి పొగ మాన్పించే సేవలు ప్రభుత్వ వైద్యవ్యవస్థలో భాగమయ్యాయి. రోగిని పొగ తాగుతారా అని అడగడం, మానమని చెప్పడం, సహాయం చూపడం నేడు వైద్యుల సాధారణ విధులలో చేరాయి.