కెరటముల నేలిన డ్యూక్ కహానమోకు

ఆటలు కేవలము కాలక్షేపమునకే యని తలచువారు పలువురు గలరు. పసిఫిక్ మహాసముద్రమధ్యమున పుట్టి, కెరటములతో ఆడి, ఆ ఆటచేతనే ఎనమండ్రుగురి ప్రాణములు కాపాడిన యొక మహనీయుని చరిత్రము వారి తలంపును మార్చగలదు. అతడే డ్యూక్ కహానమోకు.

హవాయి దీవులలో ఓఆహు అను ద్వీపమున హొనొలూలు పట్టణము గలదు. 1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన డ్యూక్ అచ్చట జన్మించెను. డ్యూక్ అనునది అతనికి బిరుదము కాదు. తండ్రి పేరే కుమారునకు వచ్చినది. అప్పుడు హవాయి స్వతంత్రరాజ్యము. అతనికి మూడేండ్లు నిండకముందే, 1893లో, ఆ దేశపు రాణి సింహాసనము కోల్పోయెను. 1898లో ఆ దీవులు అమెరికా వశమయ్యెను. కుటుంబమునకు తోడ్పడవలసి వచ్చుటచే డ్యూక్ చదువు నడుమనే ఆగిపోయెను. వైకీకీ సముద్రతీరమే అతనికి పాఠశాల యయ్యెను.

ఆ తీరమున పెద్ద కెరటములు బారులు తీరి వచ్చుచుండును. ఆటగాడు నిడుపైన కొయ్యపలకపై బోరగిల పరుండి, చేతులతో నీటిని త్రోయుచు లోపలికి పోవును. వెనుకనుండి కెరటము లేచునప్పుడు దానితో సమానమగు వేగము తెచ్చుకొని, చివాలున లేచి నిలువబడి, దాని వాలుమీద జారుచు ఒడ్డునకు వచ్చును. దీనినే సర్ఫింగు అందురు. హవాయివారి యీ ప్రాచీనక్రీడ పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి క్షీణించెను. డ్యూక్ పూర్వుల పద్ధతి ననుసరించి 16 అడుగుల పొడవును, 114 పౌనుల బరువును గల పలకను వాడి, ఆ విద్యకు మరల జీవము పోసెను.

1911 ఆగస్టులో హొనొలూలు రేవున జరిగిన ఈతపందెమున అతడు 100 గజములను 55.4 సెకనులలో ఈదెను. అది అప్పటి రికార్డుకంటె 4.6 సెకనులు తక్కువ. అమెరికా ప్రధానభూభాగమందలి అధికారులు దీనిని నమ్మరైరి. గడియారములు సరియైనవి కావనియు, నీటిపోటు సాయపడినదనియు చెప్పి త్రోసిపుచ్చిరి. ఆ యవమానమునకు క్రుంగి అతడు ఇంట కూర్చుండిన యెడల అతని పేరు నేడెవ్వ రెరుగుదురు? అతని సమాధానము నీటిలోనే వెలువడెను. మరుసటి యేడు, 1912లో, స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచెను. యుద్ధమువలన 1916 క్రీడలు జరుగలేదు. 1920లో ఆంట్వర్పు నగరమున మరల గెలిచెను. 1924లో పారిసునందు జానీ వైస్‌ముల్లరు ప్రథముడు కాగా, డ్యూక్ ద్వితీయుడును, అతని తమ్ముడు శామ్యూల్ తృతీయుడును అయిరి.

ఈ నడుమ, 1914 చివరను డ్యూక్ ఆస్ట్రేలియాకు పోయెను. సిడ్నీ చెంతనున్న ఫ్రెష్‌వాటర్ తీరమున స్వయముగా పలక చెక్కుకొని కెరటములపై విహరించి చూపెను. ఇసబెల్ లెథం అను పదునైదేండ్ల బాలికను సైతము తనతో పలకపై నిలిపి ఒడ్డునకు తెచ్చెను. ఆ పలకను అచ్చటివారు భద్రపరచి యుంచిరి.

1925 జూను 14వ తేదీన అతని విద్యకు నిజమైన పరీక్ష వచ్చెను. ఆనాడు డ్యూక్ కాలిఫోర్నియాలో కొరోనా డెల్ మార్ తీరమున నుండెను. సముద్రము అల్లకల్లోలముగా నుండగా తెల్మా అను పడవ తలక్రిందులయ్యెను. అందలి 17 మందియు నీటిపాలైరి. నావలు పోజాలని ఆ కెరటములలోనికి డ్యూక్ తన పలకతో దూకెను. పలుమారులు పోయి వచ్చి ఎనమండ్రుగురిని ఒడ్డునకు చేర్చెను. అతని స్నేహితులు నలుగురిని కాపాడిరి. ఐదుగురు మాత్రము దక్కలేదు. ఆడుకొను పలక ప్రాణరక్షణసాధనము కాగలదని ఆనాడు లోకమునకు తెలిసెను.

ఇన్ని పతకములు గెలిచినను ధనము చేకూరలేదు. పెట్రోలు అమ్ము పనియు చేసి జీవించెను. పిమ్మట హొనొలూలు ప్రజలు అతనిని పదమూడు పర్యాయములు షెరీఫుగా ఎన్నుకొనిరి. 1968 జనవరి 22వ తేదీన, 77వ యేట, అతడు మరణించెను. అతని చితాభస్మమును వైకీకీ జలములందే కలిపిరి.

బాలబాలికలారా! నేర్చిన విద్య యేదైనను, అది యెన్నడు ఒకని ప్రాణము నిలుపునో యెవ్వరికిని తెలియదు. కావున ఆటనైనను శ్రద్ధతో నేర్వుడు. మీ శ్రమను ఇతరులు నమ్మనినాడు నిరాశ చెందక, మరల ప్రయత్నింపుడు.