రావి నారాయణరెడ్డి రికార్డు, పక్కన గెలిచిన దళితుడు

ఒక రెడ్డి దొరబిడ్డ జీవితం మన పేజీలో ఎందుకని మాలోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. రావి నారాయణరెడ్డి పేరు రాగానే నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషని అందరూ చెబుతారు. ఆ ఎన్నికలో ఆయన పక్కన గెలిచిన దళితుడి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పేరు కోసమే ఈ జీవితాన్ని మళ్లీ చూశాం.

ఆయన 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో, భూములున్న కుటుంబంలో పుట్టారు. హైదరాబాద్‌లో చదువుతుండగా 1930లో చదువు పక్కనపెట్టి కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో కలిశారు. తిరిగొచ్చాక హరిజన సేవక్ సంఘ్ హైదరాబాద్ శాఖకు కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు. దళిత పిల్లలకు బడులు, హాస్టళ్లు నడపడం ఆ పనిలో ముఖ్యమైనది. ఆ రోజుల్లో రెడ్డి ఇంటి యువకుడు మాలవాడకు, మాదిగవాడకు వెళ్లి కూర్చోవడం సొంత కులం ముందు చిన్న సాహసం కాదు. దాన్ని మేం తక్కువ చేయం.

అయితే హైదరాబాద్ దళితులకు బడి పెట్టడం ఆ సంఘంతో మొదలు కాలేదు. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే మన పిల్లలకు పాఠశాలలు తెరిచారు. పూనా ఒప్పందం తర్వాత పుట్టిన హరిజన సేవక్ సంఘ్‌లో పెత్తనమంతా సవర్ణుల చేతిలోనే ఉందని అంబేడ్కర్ దాని నుంచి బయటికొచ్చారు. నారాయణరెడ్డి జీవితచరిత్రలు సేవను చెబుతాయి, ఈ తగాదాను చెప్పవు.

సేవతో ఆకలి తీరదని ఆయనకు త్వరగానే అర్థమైంది. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో మొదటి జట్టులోనే జైలుకెళ్లారు. ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ వైపు నడిచారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. ఈ మహాసభ 1937లో మన నిజామాబాద్‌లోనూ జరిగింది. అప్పటికది తెలుగు భాష గురించి, గ్రంథాలయాల గురించి మాట్లాడే పెద్దమనుషుల సభ. భువనగిరి నాటికి వెట్టి చేసేవాళ్లు, కౌలుదార్లు అందులోకి వచ్చేశారు. మితవాదులు తమ దారి తాము చూసుకున్నారు.

వెట్టి అంటే ఏమిటో మన ఇళ్లలో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. మాదిగ ఇంటివాళ్లు దొరకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు ఇవ్వాలి, పిలిస్తే పరుగెత్తాలి. కూలి లేదు. నల్లగొండలో ఆ వెట్టిని నిలిపేసింది సంఘం. 1946 జులై 4న కడవెండిలో కురుమ బిడ్డ దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయాక ఊళ్లు లేచాయి. 1947 సెప్టెంబర్ 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌తో కలిసి నారాయణరెడ్డి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. సొంత భూమిలోంచి వందల ఎకరాలు పేదలకు వదిలేశారు. దొరల భూమి పంచాలని చెప్పిన మనిషి తన భూమిని దాచుకోలేదు. మన జిల్లాలో భూమి గురించి ఉపన్యాసాలిచ్చే నాయకులను చూసి చూసి ఉన్నాం కాబట్టి ఇది రాయాలనిపించింది.

పోరాటంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టుల లెక్క. కానీ స్వాధీనం చేసుకోవడానికి మొదట పెట్టిన గీత 500 ఎకరాలు. తర్వాత 200, ఆ తర్వాత 100కు దించారు. నూరెకరాల రైతు కూడా ఉద్యమంలో ఉండాలంటే గీత అంత పైన గీయాల్సిందే మరి. సెంటు భూమి లేని కూలి కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ గీత వేరుగా కనబడుతుంది.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఇంక తుపాకులు దించాలని నారాయణరెడ్డి వాదించారు. పార్టీలో చాలామంది ఒప్పుకోలేదు. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆగేదాకా సైన్యం దెబ్బలు తిన్నది ఎక్కువగా వాడల్లో, తండాల్లో, గూడేల్లో ఉన్నవాళ్లే. ఆయన మాట ముందే విని ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవోనని మాలో కొందరంటారు. ఆపినందుకే పంచిన భూమి మళ్లీ దొరల చేతికి పోయిందని మిగతావాళ్లంటారు. మాలో ఇది తేలలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేను 80 ఎకరాలు అడిగిందీ దళితులే. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నారు. ఇచ్చినాయన పేరు చరిత్రకెక్కింది, అడిగినవాళ్లు దళితవాడగానే మిగిలిపోయారు.

1952 ఎన్నికల్లోనూ అదే కథ. కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ సీటు, ఒక ఎస్సీ రిజర్వుడు సీటు, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా వచ్చాయి. నెహ్రూకు వచ్చినవి రెండు లక్షల 33 వేల చిల్లర. నెహ్రూదీ ద్విసభ్య స్థానమే, అక్కడ ఆయన పక్కన గెలిచిన దళితుడు మసూరియాదీన్. నల్లగొండలో నారాయణరెడ్డి పక్కన పీడీఎఫ్ తరఫునే గెలిచింది సుంకం అచ్చాలు. అదే జనం, అవే ఊళ్లు, అదే జెండా. ఒకాయన రికార్డు అయ్యారు, ఇంకొకాయన పట్టికలో రెండో వరుసలో ఉండిపోయారు.

పక్కనున్న కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డితో పాటు అంబేడ్కర్ పార్టీ అయిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. ఎర్రజెండా, నీలిజెండా కలిస్తే ఏమవుతుందో అక్కడ ఒకసారి కనబడింది. మన నిజామాబాద్ మాత్రం కాంగ్రెస్‌కు చెందిన హరిశ్చంద్ర హెడాను పంపింది. ఇక్కడ చెరకు, ఫ్యాక్టరీ, నిజాంసాగర్ నీళ్లు వచ్చాయి. వాడల జనం చెరకు కోతకెళ్లారు. నల్లగొండలో లాగా దొర గడీ ముందు గుంపుగా నిలబడిన అనుభవం మన ఊళ్లకు అంతగా లేదు. గ్రామాభివృద్ధి కమిటీ పేరుతో పది మంది పెద్దలు కూర్చుని ఒక కులాన్ని వెలేస్తే ఊరంతా తలొంచే పరిస్థితి మన జిల్లాలో ఇప్పటికీ ఎందుకుందో ముప్కాల్‌లో కూర్చుని మేం ఆలోచిస్తున్నది దీని గురించే.

నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో మళ్లీ నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1991 సెప్టెంబర్ 7న చనిపోయారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

సుంకం అచ్చాలు సభలు విన్నవాళ్ల పిల్లలు, మనవలు నల్లగొండ, భువనగిరి వాడల్లో ఇంకా ఉంటారు. ఎండాకాలం సెలవుల్లో అటు వెళ్లే విద్యార్థులు వాళ్ల దగ్గర కూర్చుని రాసుకుని రండి, ఇక్కడే అచ్చు వేస్తాం.