గాజు పలకలపై నిలిచిన సంస్థానం

సికింద్రాబాద్: కెమెరాలో ఫిల్ము చుట్ట ఉండని రోజులలో, డిజిటల్ కెమెరాకు దాదాపు శతాబ్దం పూర్వం, సికింద్రాబాద్‌లో ఛాయాచిత్రణను పెద్ద వ్యాపారంగా మలచిన రాజా దీన్‌దయాళ్ తొలుత కట్టడాలకు అంచనాలు వేసి, నమూనాలు గీసే ప్రభుత్వోద్యోగి. సంస్థానాధీశుల ఆదరణను నమ్ముకుని స్థిరమైన కొలువును వదులుకోవడం ఆ రోజులలో సాహసమే.

మీరట్ సమీపాన గల సర్ధనాలో ఒక జైన కుటుంబంలో 1844లో జన్మించిన దీన్‌దయాళ్, రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదువు ముగించి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా చేపట్టారు. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటనను చిత్రించే అవకాశం కూడా లభించింది. డాలీ అనంతరం ఆ పదవి చేపట్టిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి, పురాతన కట్టడాలను చిత్రించారు.

నాటి విధానం నేటివారికి నమ్మశక్యం కానిది. గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణ ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే చిత్రం తీసి కడగవలసి ఉండేది. అంతా పది, పదిహేను నిమిషాలలో ముగియాలి. లేకుంటే పలక వృథా. అందువల్ల ఛాయాచిత్రకారుడు వెళ్లిన చోటికల్లా చీకటి గుడారం, రసాయనాల సీసాలు, బరువైన గాజు పలకల పెట్టెలు తరలవలసిందే. మండుటెండలలో ఆ తడి ఎంతసేపు నిలిచేదో ఊహించవచ్చు. 1870 దశకం చివర జెలటిన్ పూసిన పొడి పలకలు బజారులోకి వచ్చాక గాని ఈ అవస్థ తగ్గలేదు. సిద్ధంగా ఉన్న పలకలను వెంట తీసుకువెళ్లి, తిరిగి వచ్చాక తీరికగా కడుక్కునే వీలు కలిగింది.

1880 దశకంలో దీన్‌దయాళ్ సర్కారు కొలువు విడిచి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పారు. వేటలు, విందులు, రాజప్రాసాదాలు, కవాతులు అన్నీ ఆయన పలకలపైకి ఎక్కాయి. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించడం ఆయన వ్యాపార దక్షతకు నిదర్శనం. ఈ ఖాతాదారులు మామూలు స్టూడియోలకు అంత సులభంగా అందేవారు కారు మరి. 1896లో బొంబాయిలోనూ శాఖ వెలిసింది. మరుసటి ఏడు విక్టోరియా మహారాణి నుంచి గుర్తింపు లభించింది. నిజాం ఆయనకు రాజా, ముసవ్విర్ జంగ్ బిరుదులిచ్చారు. వైభవమే కాక, 1900 ప్రాంతంలో సంస్థానాన్ని పీడించిన కరవునాటి సహాయ పనులు కూడా ఆయన సంస్థ తీసిన చిత్రాలలో ఉండటం గమనార్హం.

ఇంతలో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో 25 డాలర్లకు కోడక్ కెమెరాను విడుదల చేశారు. నూరు చిత్రాలకు సరిపడే చుట్ట అందులోనే ఉండేది. అది అయిపోగానే కెమెరాను కంపెనీకి పంపితే చిత్రాలు కడిగి, కొత్త చుట్ట వేసి తిప్పి పంపేవారు. 1900లో బ్రౌనీ కెమెరా ఒక్క డాలరుకే లభించింది. రసాయనాలు తెలియనివారు కూడా ఫొటోలు తీయగలగడం స్టూడియోల యజమానులకు శుభవార్త కాదు.

దీన్‌దయాళ్ 1905లో మరణించారు. గాజు పలకను వెనక్కు నెట్టిన ఫిల్ముకు కూడా తరువాత అదే గతి పట్టింది. 1975లో తన ప్రయోగశాలలోనే డిజిటల్ కెమెరా తయారైనా, ఫిల్ము ఆదాయాన్ని వదులుకోలేకపోయిన కోడక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. దీన్‌దయాళ్ పేరిట తపాలా శాఖ 2006లో స్టాంపు విడుదల చేసింది. ఆయన గాజు పలకలలో 2,857 మాత్రం 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి.