కుష్ఠరోగుల తల్లి: డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు

చర్మముపై కానవచ్చు అంటువ్యాధులు మనుష్యులను మిక్కిలి భయపెట్టును. అయినను మన భయము అన్నివేళలను వ్యాధి బలమునుబట్టి యుండదు. ఆటలమ్మ యను వ్యాధి వైరసువలన కలుగును. ఇంటిలో ఒక బిడ్డకు వచ్చినచో, అదివరకు అది రాని తోడిబిడ్డలకును త్వరలోనే అంటుకొనును. అట్లయ్యును తల్లి ఆ బిడ్డను వేపరెమ్మల నడుమ పరుండబెట్టి రేయింబవళ్లు సేవచేయును. కుష్ఠువ్యాధియో బాక్టీరియావలన కలుగును, మిక్కిలి మెల్లగా వ్యాపించును. ఎక్కువమంది దేహములు దానిని స్వభావసిద్ధముగానే ఎదిరింపగలవు. అయినను ఊరివారు వెళ్లగొట్టినది ఈ రోగినే. ఈ అన్యాయమును మన తెలంగాణములోనే ఎదుర్కొనిన యొక వైద్యురాలి జీవితమును మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఇసబెల్ గన్ గారు 1875వ సంవత్సరమున స్కాట్లండు దేశపు ఈశాన్యభాగములో జన్మించిరి. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో ఆమె అబర్డీను విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందిరి. పిమ్మట జార్జి కెర్ గారిని వివాహమాడిరి. 1907లో దంపతులిరువురును వెస్లియను మిషను పక్షమున హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. మన కరీంనగరములో సేవచేసినదియు ఆ మిషనే యని చదువరు లెరుగుదురు.

నిజామాబాదు ప్రాంతమున ఆమె కంటబడిన దుఃఖములలో కుష్ఠరోగుల స్థితి మిక్కిలి ఘోరమైనది. ఆ రోగము చర్మమును, నరములను పట్టును. మొదట పాలిపోయిన మచ్చ యొకటి కనబడును, అచ్చట స్పర్శ తెలియదు. స్పర్శ పోయిన చేతికి నిప్పు తగిలినను, పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నను రోగికి తెలియదు గనుక, పుండ్లుపడి వ్రేళ్లు చెడిపోవును. జనులు ఆ వికారరూపమును చూచి దైవశాపమనిరి. వారికి తగిన వైద్యమును, తలదాచుకొను చోటును లేవని గ్రహించి, కెర్ దొరసానిగారు 1911లో నిజామాబాదులో వారికొరకు చికిత్సాస్థలమును తెరచిరి.

రోగులు పెరుగగా విశాలమైన స్థలము కావలసివచ్చెను. అప్పుడు రాజా నర్సాగౌడు గారను హిందూ దాత ముందుకు వచ్చి ధనసహాయము చేసిరి. పరదేశపు క్రైస్తవురాలును, ఈ నేలపై పుట్టిన హిందువును ఒక్క దయాకార్యమునకై చేయి కలిపిరి. దాని ఫలముగా 1915లో డిచ్‌పల్లి యందు కుష్ఠరోగుల ఆస్పత్రి ఏర్పడెను. దాని నిర్మాణమున జార్జి గారు భార్యకు కుడిభుజమైరి.

నాటికి ఈ రోగమునకు తప్పని మందు లేదు. చౌల్‌మూగ్ర జాతి గింజల నూనెను పూర్వమునుండి వాడుచుండిరి గాని, కడుపులోనికి పుచ్చుకొన్నచో వాంతులగుటచే రోగులు సహింపలేకపోయిరి. కలకత్తాలో రోజర్సు, మ్యూయరు అను వైద్యులు దానిని సూదిమందుగా నిచ్చు పద్ధతిని అభివృద్ధిపరచిరి. కెర్ దొరసానిగారు ఆ చికిత్సను డిచ్‌పల్లిలో సాగించిరి. అది బాధాకరము, నెలలతరబడి ఓర్పుతో సాగవలసినది. వ్యాధి ముదరకముందే వచ్చినవారికి మేలు కలిగెను, అందరికిని నయము కాలేదు. అయినను, కుష్ఠరోగి వైద్యము చేయదగిన మనుష్యుడే గాని పారవేయదగిన వస్తువు కాడని ఆ ఆస్పత్రి చాటెను. ఇదియే ఆమె సేవలోని సారమని మా అభిప్రాయము.

1923లో ప్రభుత్వమువారు దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1932లో దొరసానిగారు పరమపదించిరి. పిమ్మటను ఆస్పత్రి పని ఆగలేదు.

ఆమె కోరిన మందు ఆమె కాలమున దొరకలేదు గాని, తరువాతి తరమునకు దొరకెను. 1940 తరువాత సల్ఫోను మందులు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెక్కు మందులను కలిపియిచ్చు చికిత్సను సూచించిరి. ఇప్పుడు ఆరు లేక పండ్రెండు మాసముల చికిత్సతో రోగము నయమగును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఆ మందులు ఉచితముగా లభించును. మందు ఆరంభించిన కొలదికాలమునకే రోగమును ఇతరులకు అంటించు శక్తి నశించును.

కావున విద్యార్థులారా, తలిదండ్రులారా, దేహముపై స్పర్శ తెలియని మచ్చ కనబడినచో సిగ్గుపడి దాచకుడు, తోడనే వైద్యునికి చూపుడు. హుజూరాబాదులోనే గాని మరి యే గ్రామమునందే గాని, కుష్ఠు సోకినవాడు ఎదురైనచో తొలగిపోకుడు. మన ప్రభువు కుష్ఠరోగిని దూరమునుండి కాక, చేయిచాచి ముట్టి బాగుచేసెను. కెర్ దొరసానిగారు ఆ చేతినే అనుసరించిరి. ఆటలమ్మ పోసిన బిడ్డకు మన తల్లులు చూపు ఆదరమును ఈ రోగికిని చూపినయెడల, ఆమె ఆరంభించిన పనిలో మనకును భాగము కలుగును.