ఆలుగడ్డ చిప్స్ కోపంలో పుట్టాయా? రీల్స్‌లో వినిపించే జార్జ్ క్రమ్ అసలు కథ ఇదీ..

కోస్గి బస్టాండ్ దగ్గర కిరాణం షాపుల ముందు ఆలుగడ్డ చిప్స్ ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. బస్సెక్కే ముందు పిల్లలు మారాం చేసేది వాటికోసమే. ఇక రీల్స్ చూసేవాళ్లకు ఈ చిప్స్ పుట్టుక కథ ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. 1853లో అమెరికాలోని ఓ హోటల్‌లో ఒక కోటీశ్వరుడు ఆలుగడ్డ వేపుడు మందంగా ఉందని ప్లేటు వెనక్కి పంపాడట. వంటమాస్టర్ జార్జ్ క్రమ్‌కు ఒళ్లు మండి, ముక్కల్ని కాగితంలా కోసి, కరకరలాడేలా వేయించి, ఉప్పు దట్టించి పంపితే అది కాస్తా సూపర్ హిట్ అయిందట.

కథ బాగుంది. చిక్కేంటంటే.. అలా జరిగిందనడానికి ఆధారమే లేదు.

క్రమ్ మాత్రం నిజమైన మనిషే. అసలు పేరు జార్జ్ స్పెక్. 1820ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి గుర్రప్పందేల జాకీ. నల్లజాతి, అమెరికా ఆదివాసీ మూలాలున్న కుటుంబమని చెబుతారు. వయసులో ఉన్నప్పుడు అడిరోండాక్ కొండల్లో వేటగాడిగా, గైడ్‌గా తిరిగారు. తర్వాత సారటోగా సరస్సు ఒడ్డున మూన్స్ లేక్ హౌస్‌లో వంటమాస్టర్‌గా చేరారు. అడవి బాతు, జింక మాంసం వండటంలో ఆయనకు పెద్ద పేరు.

1860 ప్రాంతంలో దగ్గర్లోని మాల్టాలో సొంత హోటల్ పెట్టారు. ప్రతి టేబుల్ మీద ఓ బుట్ట నిండా చిప్స్ ఉండేవి. ఎంత డబ్బున్నోడొచ్చినా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందేనట, రైల్వే కుబేరుడు వాండర్‌బిల్ట్ అయినా సరే! అమెరికా అంతటా బానిసత్వం రద్దయింది 1865లో. అలాంటి రోజుల్లో తెల్లజాతి కాని ఓ మనిషి సంపన్నుల్ని లైన్లో నిలబెట్టారంటే మామూలు విషయం కాదు. రీల్స్‌లో రావాల్సింది ఈ ముక్క. అదే రావట్లేదు.

మరి చిప్స్ ఎవరివి? పల్చగా కోసి వేయించే పద్ధతి 1817లోనే లండన్ డాక్టర్ విలియం కిచినర్ వంటల పుస్తకంలో ఉంది. సారటోగాలోనే ఎలిజా అనే వంటామె వేయించే ఆలుగడ్డల గురించి 1849లో న్యూయార్క్ పత్రిక రాసింది. ఆమె ఇంటిపేరు కూడా ఎవరికీ పట్టలేదు. క్రమ్ అక్కాచెల్లెళ్లలో ఒకరైన కేట్ విక్స్ 1924లో చనిపోతే, చిప్స్ ఆమె చేతి వంటేనని పేపర్లలో వచ్చింది.

క్రమ్ మాత్రం తానే కనిపెట్టానని ఎక్కడా చెప్పుకోలేదు. పేటెంట్ తీసుకోలేదు. 1893లో ఆయనే రాయించుకున్న జీవితకథలో కూడా ఆ మాట లేదు. వాండర్‌బిల్ట్ ప్లేటు వెనక్కి పంపాడన్న కథ ఊరూరా పాకింది ఎప్పుడో తెలుసా? 1970ల్లో.. చిప్స్ ప్యాకెట్లు తయారుచేసే ఓ పేపర్ కంపెనీ ప్రకటనల పుణ్యమా అని!

క్రమ్ 1890లో హోటల్ మూసేశారు. 1914లో కన్నుమూశారు. అప్పటికి చిప్స్ అంటే పీపాల్లోంచి తీసి అమ్మే విడి సరుకు, అడుగున ఉన్నవి మెత్తబడిపోయేవి. 1926లో కాలిఫోర్నియా వ్యాపారి లారా స్కడర్ మైనపు కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో అతికించి సంచులు చేయించారు. ఆ పని రాత్రిళ్లు ఇళ్ల దగ్గర కూర్చుని చేసింది ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లే. ప్యాకెట్ వచ్చాకే చిప్స్ ఊళ్లు దాటాయి. 1932లో నాష్‌విల్‌లో కారులో వేసుకుని చిప్స్ అమ్మడం మొదలుపెట్టిన హెర్మన్ లే ఇంటిపేరే, ఇవాళ కోస్గి షాపుల్లో పిల్లలు అడిగే లేస్.